దేశం లేని న్యాయశాస్త్రి

కోర్టు మెట్లు ఎక్కడమంటే మన కుటుంబాలలో ఎవరికీ ఇష్టం ఉండదు. అయినా కోర్టు మాటలు మాత్రం మన ఇళ్ళల్లో పొద్దున లేచింది మొదలు తిరుగుతూనే ఉంటవి. "ఇందులో నాకూ హక్కు ఉన్నది" అని చిన్నవాడు అన్నతో తగవు పెట్టుకొంటాడు. "సరే, రాజీ పడండి" అని అవ్వ సర్ది చెబుతుంది. వకీలు, జామీను, జప్తు, వసూలు, ఖరారు, దరఖాస్తు, దస్తావేజు - ఇవేవీ మనకు పరాయి మాటలుగా తోచవు. అరబ్బీ, పారసీ భాషలనుంచి వచ్చి, కచేరీల ద్వారా మన నాలుక మీద కూర్చుని, ఇప్పుడు ఇంటి బిడ్డలైపోయినవి. గుడిబండ కచేరీలో కన్నడంలో అర్జీ వ్రాసినా, ఇంటికి వచ్చి తెలుగులో ఆ సంగతి చెప్పుకొన్నా, ఈ మాటలు రెండు చోట్లా ఒకటే.

వీటిలో ఒక మాట కథ తమాషాగా ఉంటుంది. అరబ్బీలో "ముద్దయీ" అంటే దావా వేసినవాడు. ఆ మాటే మన తెలుగులోకి వచ్చేసరికి తలక్రిందులై, నేరం మోపబడినవాడు "ముద్దాయి" అయినాడు. ఫిర్యాదు చేసినవాడు బోనులోకి, బోనులోనివాడు బయటికి మారిపోయినారన్న మాట. పరాయి శాస్త్రంలోని మాటను తెచ్చుకొని, ఆ శాస్త్రం సంగతి తెలుసుకోకపోతే ఇట్లాంటి చిత్రాలు జరుగుతుంటవి. మాట విషయంలో నష్టం లేదు, నవ్వుకొని ఊరుకోవచ్చును. మనుషుల విషయంలో అదే పొరపాటు జరిగితే నవ్వుకొని ఊరుకోవడానికి వీలు లేదు.

అందుచేత ఈ నెల ఈ శీర్షికలో ఆ శాస్త్రాన్ని గురించీ, దానికి జీవితమంతా ధారపోసిన ఒక హైదరాబాదు పండితుణ్ణి గురించీ నాలుగు మాటలు మనవి చేయదలచినాము. ఆయన పేరు డాక్టరు ముహమ్మద్ హమీదుల్లా. 1908 లో పుట్టి, 2002 లో గతించినారు. బాగేపల్లి మీదుగా పోయే పెద్దరోడ్డు పట్టుకొని ఉత్తరానికి వెళ్ళితే చేరేది ఆయన పుట్టిన ఊరే. అయినా ఆయన పేరు పారిస్‌లోను, ఇస్తాంబూల్‌లోను, లాహోరులోను తెలిసినంతగా మన తెలుగు కుటుంబాలలో తెలియదు.

ముందుగా శాస్త్రం సంగతి. ఇస్లాం ధర్మశాస్త్రాన్ని "ఫిఖహ్" అంటారు. ఆ మాటకు అర్థం అవగాహన అని. దానికి మూలం ఖురాను. తరువాత ప్రవక్త మాటలు, నడవడి. ఆ తరువాత పండితుల ఏకాభిప్రాయం. అటు పిమ్మట తెలిసిన దానిని బట్టి తెలియని దానిని ఊహించే తర్కం. ఈ నాలుగింటితో వందల సంవత్సరాలు పండితులు వాదించుకొని పెంచిన శాస్త్రమది. సున్నీలలో దీనికి నాలుగు సంప్రదాయాలున్నవి - హనఫీ, మాలికీ, షాఫియీ, హంబలీ అని. మన దేశంలో ఎక్కువమంది హనఫీలు. కేరళ తీరంలోను, కొంకణ తీరంలోను షాఫియీలు కనబడతారు. ఒక సంప్రదాయంవారు తప్పనరు, రెండవవారిది మరొక దారి అంటారు.

ఇది మనకు వింత కాదు. మనకు స్మృతులున్నవి, వాటికి వ్యాఖ్యలున్నవి, వ్యాఖ్యలకు మళ్ళీ వ్యాఖ్యలున్నవి. ఈనాటి కర్ణాటకంలోని కల్యాణంలో, చాళుక్య విక్రమాదిత్యుని కాలంలో, విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర వ్రాసినాడు. దానిని పదమూడవ శతాబ్దంలో కేతన "విజ్ఞానేశ్వరీయ"మని తెలుగు పద్యాలలో పెట్టినాడు. బ్రిటిషు కాలపు కోర్టులలో కూడా మన ఆస్తి పంపకాలు చాలావరకు ఆ మితాక్షర మీదనే నడిచినవి. ధర్మశాస్త్రమంటే ఒకరోజున ఆకాశం నుంచి ఊడిపడిన పట్టిక కాదు, తరతరాల పండితుల వాదమని మనకు తెలుసు. పొరుగువారి శాస్త్రం కూడా అటువంటిదేనని తెలుసుకొంటే చాలు, సగం అపోహలు పోతవి.

మరొక అపోహ ఫత్వాను గురించి. ఫత్వా అంటే తీర్పు కాదు. ఎవరైనా వచ్చి ఒక ప్రశ్న అడిగితే ముఫ్తీ ఇచ్చే శాస్త్రాభిప్రాయం మాత్రమే. తీర్పు చెప్పే అధికారం కాజీది. పూర్వం వైద్యునికి, మందు దుకాణంవానికి ఎంత భేదమో వీరిద్దరికీ అంత భేదం ఉండేది. 2014 లో మన సుప్రీంకోర్టు కూడా ఫత్వాకు చట్టబలం లేదనీ, దానిని ఎవరిమీదా బలవంతంగా రుద్దరాదనీ స్పష్టంగా చెప్పినది.

ఇక మన పండితుని సంగతి. హమీదుల్లా గారిది నవాయతు వంశం. కొంకణ తీరాన ఓడల వ్యాపారంతో స్థిరపడిన అరబ్బు సంతతివారని వారిని గురించి చెబుతారు. ఆ వంశంవారు తరువాత ఆర్కాటు, మద్రాసు పట్టణాలలో పండితులుగా, కాజీలుగా పేరు పొందినారు. ఒక శాఖ హైదరాబాదు చేరినది. తరానికొక ఊరు, ఊరికొక భాష. తాతలు ఒకచోట, మనుమలు మరొకచోట. ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట పెట్టుకొని తరాలుగా బ్రదుకుతున్న మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

చిన్నప్పుడు ఇంటివద్దను, దారుల్ ఉలూములోను, జామియా నిజామియాలోను పాత పద్ధతిని చదువుకొన్నారు. పిమ్మట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరి ఎం.ఏ., ఎల్.ఎల్.బి. పట్టాలు పుచ్చుకొన్నారు. 1918 లో స్థాపించిన ఆ విశ్వవిద్యాలయంలో అన్ని శాస్త్రాలూ ఉర్దూలో చెప్పేవారు. వైద్యమూ, న్యాయమూ, గణితమూ దేశభాషలో చెప్పవచ్చునని ఋజువు చేసిన ప్రయత్నమది. సంస్థానపు జనంలో పెద్ద భాగం తెలుగువారై ఉండగా ఆ దేశభాష ఉర్దూ కావడమేమని మనవాళ్ళు అప్పుడే అడిగినారు. ఆ అడగడంలోనూ న్యాయమున్నది.

అక్కడ చదివేటప్పుడే హమీదుల్లా గారి మనస్సు ఒక విషయం మీద నిలిచిపోయినది. దానిని అరబ్బీలో "సియర్" అంటారు. రాజ్యానికీ రాజ్యానికీ నడుమ ఉండవలసిన ధర్మం - యుద్ధం వచ్చినప్పుడు ఏమి చేయవచ్చు, ఏమి చేయరాదు. సంధిని ఎట్లా నిలుపుకోవాలి. రాయబారికి ఏ రక్షణ ఉండాలి. శత్రుదేశంనుంచి వచ్చిన వర్తకుని సొమ్ము ఎవరిది. రెండు రాజ్యాలు పోట్లాడుకొంటుంటే మూడవవాడు ఎట్లా నడుచుకోవాలి - ఇదంతా ఆ శాస్త్రం. ఐరోపాలో 1625 లో గ్రోషియస్ అనే డచ్చి పండితుడు యుద్ధ ధర్మాలను గురించి గొప్ప గ్రంథం వ్రాసినాడు. అంతర్జాతీయ న్యాయానికి ఆయనే తండ్రి అని పాఠ్యపుస్తకాలలో ఉండేది. అంతకు ఎనిమిది వందల ఏళ్ళకు పూర్వమే, 805 లో గతించిన షైబానీ అనే హనఫీ పండితుడు సియర్ మీద విడిగా గ్రంథాలు కూర్చినాడనీ, దానిని ఒక ప్రత్యేక శాస్త్రంగా నిలబెట్టినది వారేననీ హమీదుల్లా గారి వాదం. ఈ వాదాన్ని ఐరోపావారు కూడా చెవిని పెట్టినారు. జర్మనీలోని గోటింగెన్‌లో 1955 లో షైబానీ పేరుతో అంతర్జాతీయ న్యాయసంఘం ఒకటి వెలసినది.

షైబానీ గ్రంథానికి వ్యాఖ్య వ్రాసిన సరఖ్సీ కథ పిల్లలకు చెప్పదగినది. ఆయన పదకొండవ శతాబ్దపువాడు. ఇంచుమించు మన విజ్ఞానేశ్వరుని కాలమే. పాలకునికి నచ్చని మాట చెప్పినందుకు మధ్య ఆసియాలోని ఉజ్‌గంద్ పట్టణంలో సుమారు పదిహేనేళ్ళు చెరలో పెట్టినారు. గోతిలాంటి చెర. చేతిలో పుస్తకం లేదు. పైన గట్టు మీద శిష్యులు కూర్చుండేవారు. ఆయన లోపలనుంచి జ్ఞాపకంతో చెబుతుంటే వ్రాసుకొనేవారు. ముప్పై సంపుటాల "మబ్సూత్" అట్లా తయారైనదని సంప్రదాయం చెబుతుంది. షైబానీ సియర్‌కు వ్యాఖ్య కూడా చెరలోనే మొదలుపెట్టి, విడుదలైన పిమ్మట పూర్తి చేసినాడు. ఆ వ్యాఖ్యను నాలుగు సంపుటాలుగా అచ్చు వేసినది ఎక్కడనుకొన్నారు? మన హైదరాబాదులోనే. 1888 లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ, ప్రపంచంలో మూలమూలలనున్న అరబ్బీ వ్రాతప్రతులను సేకరించి పరిష్కరించి అచ్చు వేసేది. ఎక్కడో గోతిలోనుంచి పలికిన మాట, ఎనిమిది వందల ఏళ్ళకు మూసీ ఒడ్డున అచ్చుయంత్రం మీదికి ఎక్కినది. దానిని చదువుకొంటూ పెరిగిన పిల్లవాడు హమీదుల్లా.

అక్కడనుంచి ఆయన ఐరోపాకు వెళ్ళినారు. ఇస్లామీ న్యాయంలో తటస్థత అనే విషయం మీద 1933 లో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు. ప్రవక్త కాలంలోను, తొలి ఖలీఫాల కాలంలోను దౌత్య వ్యవహారాలు అనే విషయం మీద 1935 లో పారిస్‌లోని సోర్బాన్‌లో మరొక డాక్టరేటు. తిరిగివచ్చి ఉస్మానియాలో పాఠాలు చెబుతూ, ఒక ప్రక్క గ్రంథాలు వెలువరించినారు. ప్రవక్త కాలపు సంధిపత్రాలు, ఉత్తరాలు, దానపత్రాలు ఏరి కూర్చిన అరబ్బీ సంపుటం 1941 లో కైరోలో అచ్చయినది. ముస్లిం రాజ్యనీతిని గురించిన ఇంగ్లీషు గ్రంథం లాహోరులో వెలువడి చాలా పర్యాయాలు అచ్చయినది.

ఆ రోజులలోనే ఆయన మదీనా పత్రాన్ని గురించి ఒక చిన్న పుస్తకం వ్రాసినారు. 622 లో ప్రవక్త మక్కా విడిచి మదీనా చేరినప్పుడు, అక్కడి ముస్లిం తెగలకూ, యూదులకూ నడుమ వ్రాయించిన ఒడంబడిక అది. ఎవరి మతం వారిది. ఊరి రక్షణ మాత్రం అందరిదీ అని దాని సారం. హమీదుల్లా గారు దానిని 52 నిబంధనలుగా విడగొట్టి, ప్రపంచంలో మొట్టమొదటి లిఖిత రాజ్యాంగం ఇదేనన్నారు. మన మనుస్మృతినీ, కౌటిల్యుని అర్థశాస్త్రాన్నీ కూడా ప్రస్తావించి, అవి ధర్మం చెప్పే గ్రంథాలు, రాజుకు హితవు చెప్పే గ్రంథాలు. ఒక రాజ్యం తన్ను తాను కట్టుకొంటూ చాటిన పత్రాలు కావు అని వాదించినారు. ఈ మాటను అందరు చరిత్రకారులూ ఒప్పుకోలేదు. అది రాజ్యాంగం కాదు, తెగల మధ్య ఒప్పందం మాత్రమే అన్నవారున్నారు. ఒప్పుకొన్నా మానినా, తన శాస్త్రాన్ని చెప్పేటప్పుడు పొరుగువాని శాస్త్రం కూడా తెరచి చూచిన పద్ధతి మాత్రం మెచ్చదగినది.

ఇంతలో 1948 వచ్చినది. ఈ ఘట్టం తెలుగువారు మాట్లాడుకొనేటప్పుడు గొంతు మారుతుంది, మారకుండా ఉండదు. నిజాము సంస్థానం అటు భారతదేశంలో చేరకుండా, ఇటు ప్రజలకు పరిపాలన ఇవ్వకుండా నిలిచినది. రజాకారుల దౌర్జన్యంతో పల్లెలు తల్లడిల్లినవి. వెట్టికీ, దొరతనానికీ ఎదురుతిరిగి తెలంగాణా రైతులు ఆయుధం పట్టినారు. ఆ సమయంలో హైదరాబాదు ప్రభుత్వం తన ఫిర్యాదును ఐక్యరాజ్యసమితి భద్రతా సమితి ముందు పెట్టడానికి పారిస్‌కు ఒక ప్రతినిధివర్గాన్ని పంపినది. అంతర్జాతీయ న్యాయం తెలిసినవారు కనుక హమీదుల్లా గారు అందులో ఉన్నారు. సెప్టెంబరు 13 న భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించినది. 16 న భద్రతా సమితిలో ఆ ఫిర్యాదు చర్చకు వచ్చినది. 17 న నిజాము లొంగిపోయినారు. కొద్ది దినాలకే ఫిర్యాదు వెనుకకు తీసుకొంటున్నట్లు తంతి వచ్చినది.

వాదించడానికి వెళ్ళిన వకీలు కోర్టులో నిలబడి ఉండగానే కక్షిదారు లేకుండా పోయినాడు.

వెట్టి మోసిన రైతుకు అది విడుదల. అందులో సందేహం లేదు; ఆ పక్షాన నిలిచిన తెలుగువారి న్యాయాన్ని తక్కువ చేసి చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆ వెనుకనే మరఠ్వాడా, కన్నడ జిల్లాలలో ఏమీ ఎరుగని ముస్లిం పల్లెజనం ఎందరో ప్రాణాలు పోగొట్టుకొన్నారని ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ సంఘం నివేదిక చెబుతుంది. అదీ నిజమే. ఒకే వారంలో ఒకరికి దేశం వచ్చినది, ఇంకొకరికి దేశం పోయినది. 1956 లో ఆ సంస్థానమే మూడు ముక్కలైనది. తెలంగాణా ఆంధ్రప్రదేశంలో కలిసినది. మరఠ్వాడా బొంబాయి రాష్ట్రానికి పోయినది. బీదరు, గుల్బర్గా, రాయచూరు మనమున్న అప్పటి మైసూరు రాష్ట్రంలోనే చేరినవి.

హమీదుల్లా గారు తిరిగి రాలేదు. తాను పుట్టిన రాజ్యం తరఫున వెళ్ళినాను, ఆ రాజ్యం లేదు కనుక వేరొక రాజ్యపు పౌరుణ్ణి కాను అన్నది ఆయన నిలువు. పాకిస్తాన్‌వారు రాజ్యాంగ విషయంలో సలహాకు పిలిస్తే వెళ్ళి కొంతకాలం పనిచేసినారు గాని అక్కడ స్థిరపడలేదు. ఫ్రెంచి పౌరసత్వం కూడా పుచ్చుకోలేదు. దాదాపు అర్ధశతాబ్దం పాటు శరణార్థి పత్రంతోనే పారిస్‌లో ఉండిపోయినారు. ఈ నిలువు సరి అయినదేనా అని అడిగేవారు అడగవచ్చును. హైదరాబాదులోనే ఉండిపోయి, కొత్త రాజ్యాంగం క్రింద పాఠాలు చెప్పిన ఆయన తోటి ఆచార్యులు ఎందరో ఉన్నారు. వారి దారి చిన్నదేమీ కాదు. ఊరికి తిరిగివచ్చి ఉంటే తెలుగు నేలకు ఆయన విద్య దక్కి ఉండేది కదా అని మాకు అనిపిస్తుంది. అయితే తన మాటకు తాను కట్టుబడి, అందుకు వెల తానే చెల్లించినారు; మరొకరిచేత చెల్లించలేదు.

పారిస్‌లో టూర్నాన్ వీధిలో పై అంతస్తున చిన్న వాటా. లిఫ్టు లేదు. గదులనిండా పుస్తకాలు. పెండ్లి చేసుకోలేదు. 1954 నుంచి 1978 వరకు ఫ్రాన్సు జాతీయ పరిశోధన సంస్థలో ఉద్యోగం. సంవత్సరంలో కొంతకాలం తుర్కీకి వెళ్ళి ఇస్తాంబూల్ మొదలైన చోట్ల విద్యార్థులకు పాఠాలు. వచ్చిన ప్రతి ఉత్తరానికీ స్వయంగా జవాబు వ్రాయడం. ఉర్దూ, అరబ్బీ, ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను భాషలలో నూరుకు పైగా పుస్తకాలు, వందలకొద్దీ వ్యాసాలు ఆ గదులలోనుంచి బయటికి వచ్చినవి.

ముఖ్యమైనవి రెండు చెబుతాము. ప్రవక్త మాటలను ఆయన పోయిన రెండు వందల ఏళ్ళకు గాని వ్రాయలేదని, అందుచేత వాటిని నమ్మరాదని కొందరు ఐరోపా పండితులు అంటుండేవారు. ప్రవక్త సహచరుడైన అబూ హురైరా శిష్యుడు హమ్మామ్ వ్రాసిపెట్టుకొన్న చిన్న సంకలనం ఒకటి ఉండేది. దాని ప్రతులను బెర్లిన్‌లోను, డమాస్కసులోను హమీదుల్లా గారు గుర్తించి, పోల్చి, 1953 లో అచ్చు వేయించినారు. అందులో 138 హదీసులున్నవి. తొలి శతాబ్దంలోనే వ్రాత ఉన్నదనడానికి అది గట్టి సాక్ష్యమైనది. తరువాతి పెద్ద గ్రంథాలలోని పాఠంతో పోల్చి చూచుకొనే వీలు చిక్కినది.

రెండవది 1959 లో వెలువడిన ఫ్రెంచి ఖురాను. మూలం పక్కన పెట్టి, ఒక ఫ్రెంచి పండితుని సాయంతో చేసిన అనువాదమది. ముస్లిం పండితుడొకడు ఖురానును ఫ్రెంచిలోకి తెచ్చిన తొలి ప్రయత్నాలలో లెక్కకు వచ్చేది. తెలుగువారికి ఈ విషయంలో చిన్న గర్వకారణం ఉన్నది. అంతకు దాదాపు ముప్పై ఏళ్ళకు ముందే, మన పొరుగున అనంతపురం కళాశాలలో తెలుగు పండితులుగా ఉన్న చిలుకూరి నారాయణరావు గారు ఖురానును తెలుగు చేసినారు. ఒకరు హైదరాబాదునుంచి పోయి ఫ్రెంచివారికి చెప్పినారు. ఒకరు అనంతపురంలో కూర్చుండి మనకు చెప్పినారు. ఆ రెండవవారు బ్రాహ్మణులు. పొరుగువాని గ్రంథం చదవడానికి పొరుగువాని మతం పుచ్చుకోనక్కరలేదని ఆయన చేసి చూపించినారు.

ముసలితనంలోనూ హమీదుల్లా గారు షైబానీని వదలలేదు. సరఖ్సీ వ్యాఖ్యతో సహా ఆ సియర్ గ్రంథానికి ఫ్రెంచి అనువాదం, ఆయనకు ఎనభై ఏళ్ళు దాటిన తరువాత, తుర్కీలోని అంకారాలో అచ్చయినది. గోతిలోని మాట అటు హైదరాబాదు, ఇటు పారిస్ తిరిగి మళ్ళీ ఆసియాకే చేరినది.

1980 మార్చిలో పాకిస్తాన్‌లోని బహావల్‌పూరు విశ్వవిద్యాలయంలో పన్నెండు ఉపన్యాసాలు ఇచ్చినారు. ఖురాను చరిత్ర, హదీసు చరిత్ర, ఫిఖహ్ చరిత్ర, అంతర్జాతీయ న్యాయం ఇట్లా రోజుకొక విషయం. ఉపన్యాసం అయిన పిమ్మట సభలోనివారు అడిగిన ప్రశ్నలకు ఓపికగా జవాబులు. అవి ఉర్దూలో పుస్తకంగా వచ్చి ఈనాటికీ చదువరులకు ప్రీతిపాత్రమై ఉన్నవి. 1985 లో పాకిస్తాన్ ప్రభుత్వం హిజ్రా బహుమానం ఇస్తే, ఆ పెద్ద మొత్తాన్ని అట్లాగే ఇస్లామాబాదులోని పరిశోధన సంస్థకు ఇచ్చివేసినారు. అక్కడి గ్రంథాలయానికి ఆయన పేరు పెట్టినారు.

ఆయన జీవితంలో ఒక విషయం తలచుకొంటే మనస్సు కలుక్కుమంటుంది. సియర్ శాస్త్రంలో "అమాన్" అని ఒక అధ్యాయం ఉన్నది. అమాన్ అంటే అభయం. శత్రుదేశపువాడైనా సరే, అభయం అడిగి వచ్చినవానికి ప్రాణానికీ సొమ్ముకూ రక్షణ ఇవ్వాలి. ఆ అభయం సుల్తానే ఇవ్వాలని లేదు. ఒక సామాన్యుడు ఇచ్చినా, స్త్రీ ఇచ్చినా తక్కినవారంతా దానికి కట్టుబడాలి. దీనికి పండితులు చూపే ఉదాహరణ ఉమ్ము హానీ కథ. 630 లో మక్కా స్వాధీనమైన రోజున ఆమె తన అత్తింటివైపు ఇద్దరికి ఇంట్లో ఆశ్రయమిచ్చినది. సొంత అన్నదమ్ముడు అలీ కత్తి పట్టుకొని వచ్చి వారిని విడువనన్నాడు. ఆమె తలుపు మూసి, నేరుగా ప్రవక్త వద్దకు పోయి చెప్పుకొన్నది. నీవు అభయమిచ్చినవారికి మేమూ ఇచ్చినట్లేనని ఆయన తీర్పు చెప్పినారు. ఒక ఇల్లాలి మాట సైన్యాన్ని కట్టివేసినదన్న మాట.

అదే శాస్త్రంలో ఇంకొక సూత్రం ఉన్నది. ఇరుపక్షాలూ పూచీగా మనుషులను పెట్టుకొన్నప్పుడు, అవతలివాడు మాట తప్పి మనవారిని చంపినా, మన చేతిలో ఉన్న వారి మనుషులను మనం చంపరాదు. ఒకడి తప్పుకు ఇంకొకడిని శిక్షించడం న్యాయం కాదు. 1948 లో ఇటూ అటూ ఈ ఒక్క సూత్రం తలచుకొని ఉంటే ఎన్ని ప్రాణాలు దక్కి ఉండునో!

అభయ శాస్త్రాన్ని జీవితమంతా చదివి, చదివించిన పండితుడు తానే అభయం మీద బ్రదకవలసి వచ్చినది. శరణార్థుల రక్షణకు 1951 లో జెనీవాలో పలు దేశాలు కూడి ఒక ఒడంబడిక చేసుకొన్నవి. పరాయివాడు తలుపు తట్టితే ఏమి చేయాలి అనే ప్రశ్నకు షైబానీ వ్రాసిన జవాబు కాలానికీ, జెనీవాలో వ్రాసిన జవాబు కాలానికీ పదకొండు వందల ఏళ్ళకు పైగా దూరం. ప్రశ్న మాత్రం మారలేదు. ఈనాటికీ తలుపు తట్టేవాడు తట్టుతూనే ఉన్నాడు.

ఇది రాజ్యాల సంగతి, మన కెందుకని అనుకోరాదు. మన ఊళ్ళల్లోనూ ఇట్లాంటి తలుపులున్నవి. ఇల్లు అద్దెకు ఇవ్వడంలో పేరు చూచి వెనుదీయడం, పెండ్లి పిలుపులో ఒక వీధి వదలిపెట్టడం, ఎక్కడో ఎవరో చేసిన తప్పుకు ఇక్కడి దుకాణంవానిని నిలదీయడం - ఇవన్నీ పూచీ మనుషులను శిక్షించడం వంటివే. చింతామణి దగ్గరి మురుగమల్లకు పోయి చూడండి. అక్కడ ముక్తీశ్వరుని గుడీ ఉన్నది, దర్గా కూడా ఉన్నది. మ్రొక్కుబడి ఉన్నవాళ్ళు రెండింటికీ పోయి వస్తారు. బొట్టు పెట్టుకొన్న అవ్వ దర్గాలో చక్కెర చదివిస్తుంది. బురఖా వేసుకొన్న అమ్మ ఆమె పక్కనే కూర్చుండి తెలుగులోనే కష్టసుఖాలు చెప్పుకొంటుంది. వాళ్ళెవరూ సరఖ్సీని చదువలేదు. ఆ అధ్యాయంలోని సారం మాత్రం వాళ్ళ దగ్గర ఉన్నది.

హమీదుల్లా గారి ఆరోగ్యం 1996 లో చెడినది. బంధువుల ఇంటి మనుమరాలు అమెరికాకు తీసుకొనిపోయి కనిపెట్టుకొని ఉన్నది. 2002 డిసెంబరు 17 న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో కన్ను మూసినారు. మట్టి కూడా అక్కడిదే. పుట్టిన ఊరి గాలి ఆయనను మరల తాకలేదు.

మన పిల్లలు చదువుకోసం, ఉద్యోగంకోసం బెంగుళూరు దాటి, సముద్రం దాటి పోతున్నారు. అక్కడ వారు పరాయివారు. వారికి వాటా అద్దెకిచ్చే ముసలమ్మా, దారి చూపే మనిషీ అమాన్ ఇస్తున్నట్లే లెక్క. బిడ్డ క్షేమంగా ఉన్నాడని ఫోను వచ్చినప్పుడు మనమంతా దేవునికి దణ్ణం పెట్టుకొంటాము. అదే దణ్ణంతో, ఈ ఊరికి పొట్ట చేతబట్టుకొని వచ్చినవాడు ఎవడైనా మన గడప ముందు నిలబడితే, వాని పేరు అడిగేముందు మంచినీళ్ళు ఇవ్వవలసిందని అమ్మలకూ అయ్యలకూ మా మనవి. ధర్మశాస్త్రాలు ఎన్ని ఉన్నా, వాటిని చదివే తీరిక లేనివారు ఈ ఒక్క సూత్రంతో మొదలుపెట్టవచ్చును.